ప్రతి చుట్టూ నైరుతి నుంచే

1970 జూన్ 15వ తేదీన, పిఠాపురంలో ఒక పాఠశాల భవనం ఇంకా పునాదుల్లోనే ఉన్న రోజుల్లో, కాకినాడలో సివిల్ డిప్లొమా ముగించుకుని వచ్చిన ఇరవై మూడేళ్ళ శ్రీ చోడిశెట్టి ఉదయభాస్కరరావు గారు వర్క్ ఇన్‌స్పెక్టరుగా ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. ముప్పై అయిదు సంవత్సరాల నిరంతర సేవ అనంతరం, ఈ నెలాఖరున, నరసాపురం గృహనిర్మాణ కార్యాలయంలో డిప్యూటీ ఇంజినీరుగా గౌరవప్రదంగా పదవీ విరమణ చేస్తున్నారు.

ఈ సంచికలో సహోద్యోగుల వ్యాసాల నడుమ మా ఇంటి తరఫున కూడా ఒకటి ఉండాలని కార్యాలయం వారు కోరారు. మా గృహ పథకంలో ఇల్లు కట్టుకునేది ఇంటివాళ్ళు, దగ్గరుండి నడిపించేది ఇంజినీరు గారు. కాబట్టి ఒక వేసవి అంతా మీరూ ఆయన సహోద్యోగులేనని సీనియర్ అసిస్టెంటు గారు అన్నారు. రాయవలసింది నిజానికి మా తాతయ్య ముసలయ్య. ఆయన చెప్పినది, నేను అప్పుడు డైరీలో రాసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

పిఠాపురంలో ఉన్న కాలంలోనే ఉదయభాస్కరరావు గారికి వివాహమైంది. పెళ్ళిచూపుల సంగతి ఆయన సతీమణి నీలవేణి గారు మాకు చెప్పారు. కాఫీ ఇచ్చినప్పుడు అబ్బాయి తలెత్తి తనవైపు చూడలేదట. కూర్చున్న కుర్చీ వెనక గోడను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గరపెట్టి విన్నారట. "మా నాన్నగారు వంటింట్లోకొచ్చి, పిల్లని చూడ్డానికొచ్చారా, ఇల్లు కొనడానికొచ్చారా అని అమ్మనడిగారు" అని నీలవేణి గారు నవ్వుతూ చెప్పారు. ఆ గోడలో ఒకచోట డొల్ల ఉందని, తడి చేరుతోందని పెళ్ళయ్యాక ఆయనే మరమ్మతు చేయించారట. ఎవరి ఇంటికి వెళ్ళినా ముందు గోడను పలకరించే ఆ అలవాటు ఈ కార్యాలయంలో అందరూ ఎరిగినదే.

1979లో అసిస్టెంట్ ఇంజినీరుగా పదోన్నతి పొంది, గృహనిర్మాణ విభాగానికి వచ్చి, రాజమండ్రిలోను, ఆ తరువాత అమలాపురంలోను పనిచేశారు. లంక గ్రామాల్లో పడవల మీద సిమెంటు దాటించి, వరదకు అందని ఎత్తున పునాదులు వేయించి, కాలనీలు నిలబెట్టారు. 1996 నవంబరు తుఫాను నాటికి ఆయన అమలాపురంలోనే ఉన్నారు. ఆ తరువాతి నెలల్లో ఆయన ఇంటికి చేరిన రోజులు తక్కువని నీలవేణి గారు అంటారు. పడిపోయిన ఇంటి ముందు నిలబడి, ముందు మనుషుల యోగక్షేమాలు అడిగి, ఆ పిమ్మట గోడ ఎటువైపు పడింది, ఎప్పుడు పడింది, దేనితో కట్టారు అని అడిగేవారట. ఆ తిరుగుడులోనే ఆయన మనసులో ఒక కోరిక నాటుకుంది. మా తీరంలో ఇల్లు గాలికి నిలవాలి, ఎండకూ కాపాడాలి. తుఫాను నిధులతో కట్టిన గదులు గాలికి నిలిచినా, రేకు కప్పు కింద వేసవి మధ్యాహ్నం పసిపిల్లలను పడుకోబెట్టలేని పరిస్థితి ఆయన చూశారు.

1998లో నరసాపురం వచ్చాక ఆ కోరికకు దారి దొరికింది. విదేశాల్లో థర్మోకోల్‌తో బోలు దిమ్మెలు చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, లోపల ఇనప ఊచలు నిలిపి, కాంక్రీటు పోసి గోడలు కడతారని ఆయన ఒక సాంకేతిక పత్రికలో చదివారు. సెంట్రింగు చెక్కలను గోడ గట్టిపడగానే ఊడదీస్తాం. ఈ దిమ్మెలను తీయరు, అవి గోడలోనే రెండువైపులా దుప్పటిలా ఉండిపోతాయి. నడుమ కాంక్రీటు గాలికి, పైన థర్మోకోల్ ఎండకు. భీమవరంలో రొయ్యలను ఐసులో పంపించే థర్మోకోల్ పెట్టెలు చేసే ఒక వ్యాపారిని ఒప్పించి ఆయన అటువంటి దిమ్మెల అచ్చులు తయారు చేయించారు. ఎంతో ప్రయత్నం మీద మూడు ఇళ్ళు ప్రయోగంగా కట్టడానికి అనుమతి తెచ్చారు.

మొదట ఎంపికైన రెండు కుటుంబాలూ వద్దన్నాయి. మూడోది మాది. నరసాపురానికి సముద్రం వైపు ఉన్న కొత్తదిబ్బలో, తుఫానులో పూరిల్లు పోయాక, రేకుల గదిలో ఆరుగురం ఉండేవాళ్ళం. దిమ్మెను చూడగానే మా నాన్నమ్మ వీరమ్మ దాన్ని చేత్తో తట్టి, "రొయ్యల్ని పెట్టే డబ్బాలో మనుషుల్ని పెడతారా ఏంటండీ బాబూ" అంది. ఉదయభాస్కరరావు గారు ఏమీ నొచ్చుకోలేదు. "రొయ్య కలకత్తా వెళ్ళేదాకా పాడవకుండా ఉంటాదా లేదాండీ? మీకేం పర్లేదు" అన్నారు. నాన్నమ్మ నవ్వేసింది. మా ఇంట్లో ఒప్పందం దాదాపు అక్కడే కుదిరింది.

ఆయన దిమ్మెలను ఎంచిన పద్ధతి నాకు బాగా జ్ఞాపకం. 2003 ఏప్రిల్‌లో మొదటి లోడు మా ఊరికి వచ్చింది. ఒక దిమ్మె మూలను విరిచి, దూరంగా ఇసుకలో పెట్టి అగ్గిపుల్ల అంటించారు. అది నల్లటి చుక్కలు రాలుస్తూ ఆఖరుదాకా కాలిపోయింది. ఆయన జేబులో తెచ్చుకున్న మరో ముక్కకు అలాగే నిప్పు పెట్టారు. పుల్ల తీసెయ్యగానే అది దానంతటదే ఆరిపోయింది. వచ్చినవి రొయ్యల పెట్టెల సరుకుతో చేసినవని, ఇంటికి నిప్పును మోయని సరుకే వాడాలని చెప్పి లోడంతా వెనక్కి పంపించేశారు. రెండో లోడులో ప్రతి దిమ్మెనూ బొటనవేలితో నొక్కి చూశారు. అంచు కాస్త విరిచి, లోపలి థర్మోకోల్ పూసలు విడివిడిగా పొడిలా రాలిపోతే పక్కన పెట్టారు, పూసలే మధ్యకు తెగితే ఉంచారు. దిమ్మె రెండువైపుల పలకలను పట్టి ఉంచే ప్లాస్టిక్ కడ్డీలను ఒక్కొక్కటిగా లాగి చూశారు. పోసిన కాంక్రీటు బరువును ఆపేవి ఆ కడ్డీలేనని, అవి సడలితే గోడ పొట్ట ఉబ్బుతుందని మాకు చెప్పారు. తాతయ్య రోజూ కాల్చే చుట్టను ఆ దిమ్మెలున్నంత మేరలో కాల్చరాదని ఒట్టు వేయించుకున్నారు. తాతయ్య రోడ్డు దాకా వెళ్ళి కాల్చుకుని వచ్చేవాడు.

పునాది చదునుగా ఉందో లేదో నీళ్ళ గొట్టంతో సరిచూసి, పునాదిలోంచి లేచిన ఊచల మీదుగా దిమ్మెలను దించి, కింది వరస అతుకు మీద పై వరస అతుకు పడకుండా పేర్చారు. తలుపులకు, కిటికీలకు చెక్క చట్రాలు బిగించారు. లోపలివైపు సరుగుడు బాదులు ఏటవాలుగా ఆనించి, గుండు కట్టిన దారంతో గోడ నిలువు చూశారు. ఇంటి చుట్టూ తాడు కట్టించి, పోత జరిగేటప్పుడు గోడ అడుగున ఎవరూ నిలబడకూడదన్నారు. కాంక్రీటును మోకాలి ఎత్తు చొప్పున ఇల్లంతా చుట్టుకుంటూ పొయ్యాలని, ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య అది కాస్త బిగుసుకునే దాకా ఆగాలని మేస్త్రి బుల్లిరాజుకు మరీ మరీ చెప్పారు. బుల్లిరాజు మాకు వరసకు చుట్టం. స్లాబులు పొయ్యడంలో మా వైపు అంత చురుకైనవాడు లేడని పేరు.

పోత మొదలుపెట్టే రోజుకు తాతయ్య ముహూర్తం పెట్టించాడు. ఆ ఉదయం సన్నరాయి తెచ్చే ట్రాక్టరు కాలవ గట్టున దిగబడిందని కబురు వస్తే, ఉదయభాస్కరరావు గారు ఒక చుట్టుకు సరిపడా రాయి ఉందని చూసుకుని అటు వెళ్ళారు. ఆయన వెళ్ళగానే తాతయ్య పరంజా దగ్గరకు వచ్చాడు. ఇల్లు కట్టేటప్పుడు నైరుతి మూల ముందు లేవాలి, ఈశాన్యం దానికంటే పైకి రాకూడదు. మా ప్రాంతంలో ఏ ఇంటికైనా పాటించే పద్ధతే అది. ముహూర్తం దాటకముందే నైరుతి మూలను పైదాకా నింపెయ్యమన్నాడు తాతయ్య. బుల్లిరాజుకు అది కొత్తగా తోచలేదు. ఇటుక గోడ అయితే మూల ముందు లేపడంలో తప్పేమీ లేదు. ఉన్న రాయంతా ఆ మూలకే పోయించాడు. ఇనప తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్ళాయి. మూల నిండింది. తాతయ్య కొబ్బరికాయ కొట్టాడు.

కొబ్బరికాయ కొట్టిన కాసేపటికి మూల అడుగున దిమ్మె ఉబ్బింది. తరవాత పెద్ద చప్పుడుతో పగిలి, కాంక్రీటంతా బయటికి కక్కేసింది. తాడు అవతలే ఉన్నాం కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మా అమ్మ పాపాయి ఆ ఉదయం ఆ అడుగునే నీడ ఉందని కూర్చోబోతే తాడు చూపించి వెనక్కి పంపింది ఉదయభాస్కరరావు గారే.

ఆయన తిరిగి వచ్చేసరికి అందరం తాడు దగ్గరే నిలబడి ఉన్నాం. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, పార అందుకుని, "గట్టిపడకముందే తీసేద్దాం రండి" అన్నారు. నాన్నమ్మ, అమ్మ, బుల్లిరాజు, నాన్న, అందరం కాంక్రీటు తోడిపోశాం. ఊచలను నీళ్ళతో కడిగాం. పగిలిన దిమ్మెలను కోసి తీసి కొత్తవి దించాం. ఆ రోజు ఎండకు ఆయన చొక్కా మీద ఉప్పు చారలు కట్టాయి.

కబురు పై కార్యాలయానికి చేరింది. మరునాడు జిల్లా అధికారి స్వయంగా వచ్చారు. మా పరిస్థితి ఇదీ: రేకుల గదిని ఆ స్థలం కోసమే విప్పేశాం. కొబ్బరాకుల పాకలో ఉంటున్నాం. ప్రయోగం ఆపితే మంజూరు వెనక్కి పోతుంది. మామూలు ఇంటికి మళ్ళీ జాబితా చివర నిలబడాలి. తొలకరి పడేలోగా గోడలు లేవకపోతే వానాకాలమంతా తుఫాను షెల్టరే. నాన్నమ్మ రాత్రి అన్నం ముట్టలేదు.

అధికారి మూల చూసి, గోడ నిలవదని కాగితం మీద రాసెయ్యడం మంచిదేమో అన్నారు. తప్పు ఎవరిదని అడిగారు. బుల్లిరాజు తల దించుకున్నాడు. ఉదయభాస్కరరావు గారు ముందుకు వచ్చారు. "నాదేనండి. గోడ ఎలా పొయ్యాలో వీళ్ళకి చెప్పాను. వీళ్ళు ఇల్లెలా కడతారో అడగలేదు" అన్నారు.

అధికారి తాతయ్య వైపు తిరిగారు. "ఏమయ్యా, మళ్ళీ పోస్తే చుట్టూ సమంగా పోయిస్తావా, నైరుతి నింపేస్తావా?"

సమంగా పోయిస్తానంటే పని సాగుతుంది. అది మాకందరికీ తెలుసు. నాన్నమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తాతయ్యనే చూస్తోంది.

"నైరుతే నింపుతానండి" అన్నాడు తాతయ్య. "తుఫానుకి పోయిన ఇల్లు ఈశాన్యం మెరకండి. అది తెలిసి కూడా కట్టాను. మళ్ళీ అలా కట్టి, అందులో ఈ పిల్లల్ని పడుకోబెట్టలేనండి."

అందరం ఇల్లు పోయిందనే అనుకున్నాం. ఉదయభాస్కరరావు గారు మాత్రం అక్కడే ఇసుక గుట్ట మీద తాతయ్య పక్కన కూర్చుని, మామూలు సంగతి మాట్లాడుతున్నట్టు అడిగారు.

"ముసలయ్య గారూ, నైరుతి ఎంత ఎత్తుండాలండీ? కొలతేమైనా ఉందా?"

"కొలతేంటండీ. మిగతా మూలల కంటే ఎక్కువుండాలి, అంతే."

"జానెడు ఎక్కువుంటే?"

"వేలెడున్నా ఎక్కువేగా బాబుగారూ."

"అయితే పైదాకా నింపక్కర్లేదన్నమాట."

తాతయ్య తల తిప్పాడు. బుల్లిరాజును చూశాడు, పగిలిన మూలను చూశాడు. "అక్కర్లేదండి" అన్నాడు చివరికి. "ఈ మాట ముందే అడగాల్సిందండీ మీరు."

"అడగాల్సిందే" అన్నారు ఆయన. తరువాత పుల్లతో ఇసుకలో ఇల్లు గీశారు. ప్రతి చుట్టూ నైరుతిలోనే మొదలవుతుంది. మోకాలి ఎత్తున ఇల్లంతా చుట్టి మళ్ళీ నైరుతికి వచ్చి, అక్కడ మాత్రం జానెడు ఎక్కువ పోసి ఆగుతుంది. జానెడు తేడాను దిమ్మె మోస్తుంది. రోజంతా ఏ క్షణం చూసినా నైరుతే ఎత్తు. పైన స్లాబు దగ్గర సమం చెయ్యాలి కదా, అప్పుడెలాగని తాతయ్య అడిగాడు. పిట్టగోడలో నైరుతి మూలన ఒక ఇటుక వరస ఎక్కువ వేద్దామన్నారు ఆయన. తాతయ్య తల ఊపాడు. అధికారి గారికి నవ్వొచ్చిందో ఏమో, మొహం పక్కకు తిప్పుకుని, పోసే రోజు తాను కూడా వస్తానన్నారు.

ఆ రోజు వచ్చారు కూడా. జానెడు కొలత వేసిన కర్ర తాతయ్య చేతికి ఇచ్చి, నైరుతి బాధ్యత మీదేనన్నారు ఉదయభాస్కరరావు గారు. అంతే, చుట్టు పూర్తయ్యాక ఆగడం అనే పనికి మా తాతయ్యను మించిన కాపలాదారు దొరకలేదు. కాంక్రీటు బిగుసుకునే దాకా తట్ట కదలనివ్వలేదు. బుల్లిరాజు చేతులు ఊరికే ఉండలేక, "ప్రతి చుట్టుకీ ముహూర్తమేంటి మావయ్యా" అని గొణిగాడు. "నువ్వు కక్కించిన మూలని అడుగు, చెప్తాది" అన్నాడు తాతయ్య. కాంక్రీటు సర్దుకోవడానికి దించే వైబ్రేటర్ గొట్టాన్ని ఎక్కువసేపు ఒకేచోట ఉంచితే దిమ్మె చెదురుతుందని, ముంచి తీస్తూ ఉండాలని ఉదయభాస్కరరావు గారు పరంజా మీదనుంచి చెబుతూనే ఉన్నారు. ప్రతి చుట్టుకూ దారం పట్టి నిలువు చూశారు. పొద్దు వాలేవేళకు గోడలు నాలుగూ నిండాయి. ఎక్కడా పొట్ట రాలేదు. అధికారి నైరుతి మూలను అరచేత్తో తట్టి, తాతయ్యకు నమస్కారం పెట్టి, జీపెక్కారు.

దిమ్మెలు ఎండకూ నిప్పుకూ బయటపడి ఉండకూడదని లోపల, బయట తీగ జాలి కొట్టించి గట్టి ప్లాస్టరు చేయించారు ఉదయభాస్కరరావు గారు. చెదలు థర్మోకోల్‌లో దారి చేసుకోకుండా నేలకు దగ్గరగా మందు పోయించి రేకు పట్టీ వేయించారు. తొలకరి పడే నాటికి మేము ఇంట్లో ఉన్నాం. అంతకుముందు కొన్ని రోజులు మా ప్రాంతమంతా నిప్పుల కొలిమిలా మండింది. ఇరుగుపొరుగు పసిపిల్లలు ఆ మధ్యాహ్నాలు మా ఇంట్లోనే పడుకునేవారు. వాళ్ళ తల్లులు గోడకు చెంప ఆనించి, చల్లగా ఉందంటూ ఒకరికొకరు చెప్పుకునేవారు. ఇల్లు వద్దన్న రెండు కుటుంబాలవారూ ఆ వేసవిలోనే వచ్చి, మాకూ కట్టండని ఉదయభాస్కరరావు గారిని అడిగారు.

ఈ కార్యాలయంలో కొత్తగా చేరిన ఇంజినీర్లకు ఒక మాట. దిమ్మెల ఇళ్ళకు మీకిచ్చే సూచనల్లో "ప్రతి చుట్టూ నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, అక్కడే జానెడు ఎత్తుతో ముగించవలెను" అని ఉంటుందట. ఎందుకో మీలో చాలామందికి తెలియదని, ఏదో ఇంజినీరింగు లెక్క అనుకుంటున్నారని సీనియర్ అసిస్టెంటు గారు చెప్పారు. ఆ లెక్క మా ఇసుక గుట్ట మీద పుట్టింది. కొలతేమైనా ఉందా అని ఒక పెద్ద ఉద్యోగి ఒక రైతుకూలీని మనస్ఫూర్తిగా అడిగితే పుట్టింది. ఉదయభాస్కరరావు గారి సేవలో ఎన్నో భవనాలు, ఎన్నో కాలనీలు ఉండవచ్చు. మా ఇంటివాళ్ళకు తెలిసిన గొప్పతనం మాత్రం ఆ ప్రశ్న.

ముప్పై అయిదేళ్ళుగా ఇతరులకు ఇళ్ళు కట్టించిన ఆయన ఇన్నాళ్ళూ అద్దె ఇళ్ళలోనే ఉన్నారు. ఇప్పుడు ఆత్రేయపురంలో నీలవేణి గారి పుట్టింటి దగ్గర స్థలంలో ఇల్లు మొదలుపెడుతున్నారు, దిమ్మెలతోనే. క్రితం నెలలో మా ఇంటికి వచ్చి, ముహూర్తం మీరే పెట్టించాలి, మొదటి చుట్టు మీరే నైరుతిలో మొదలుపెట్టాలి అని తాతయ్యను అడిగారు. తాతయ్యకు ఇప్పుడు నడక కష్టం. అయినా పంచె ఉతికించి పెట్టుకున్నాడు. రేవు దాటి అంత దూరం ఎలా వెళ్తావని నాన్నమ్మ అడిగితే, "ఆయన మనింటికి రాలేదేంటే" అన్నాడు.

శ్రీ ఉదయభాస్కరరావు గారు, శ్రీమతి నీలవేణి గారు ఆ కొత్త ఇంట్లో చల్లగా, నిశ్చింతగా, ఏ అనారోగ్యమూ దరిచేరకుండా, మనుమలు మనుమరాళ్ళ సందడి మధ్య నిండు ఆయుష్షుతో ఉండాలని, ఎవరింటికి వెళ్ళినా గోడను పలకరించే ఓపిక ఆయనకు ఎప్పటికీ తగ్గకూడదని, కొత్తదిబ్బలోని మా ఇంటిల్లిపాదీ, ఆ గోడల చల్లదనంలో పెరుగుతున్న పసిపిల్లల తరఫున కూడా, మనసారా కోరుకుంటున్నాం.

— హారతి, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం, కొత్తదిబ్బ